కోల్‌కతాలో మా ఇంటిపేరు

రైలు ఫరక్కా వద్ద గంగను దాటుతూ ఉండగా ఇది రాయడం మొదలుపెట్టాను. ఇన్నర్ లైన్ పర్మిట్ చొక్కా జేబులో ఉంది, దాని కోసం పడిన అగచాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అన్నయ్య, వదిన, నేను కోల్‌కతాలో నాలుగు రోజులు తిరిగి, అక్కడి నుంచి ఈశాన్యంలో మాకు ఒక్క మనిషి కూడా తెలియని కొండ రాష్ట్రానికి పోదామని బయలుదేరాం. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ రాష్ట్రాలలో దేనిలో అడుగుపెట్టాలన్నా బయటి రాష్ట్రాల భారతీయులకు ఈ పర్మిట్ ఉండాలి. మేము పోతున్నది ఈ నాలుగింటిలో ఏదో చెబితే నన్ను ఏడిపించిన కార్యాలయం ఏదో తెలిసిపోతుంది కనుక ఆ పేరు రాయను.

ఊరు చూడడంలో మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. హౌరా వంతెన మీద నడిచాం, హుగ్లీ అడుగున పోయే మెట్రో ఎక్కాం, విక్టోరియా మెమోరియల్ ముందు ఫొటోలు దిగాం, దక్షిణేశ్వరంలో కాళికా దర్శనం అనుకున్నదానికంటే త్వరగానే అయింది. ఇవన్నీ అందరూ రాసేవే.

పర్మిట్ సంగతికి వస్తాను. మా బావమరిది, "ఇప్పుడంతా ఆన్‌లైనే బావా, ఐదు నిమిషాల పని" అని చెప్పి ముగ్గురి దరఖాస్తులూ తానే నింపి పంపాడు. ఐదు నిమిషాలలోనే నింపినట్టున్నాడు. మేము కోల్‌కతా చేరిన మర్నాడు, పేర్లలో తేడా ఉన్నందున అసలు పత్రాలతో స్వయంగా రావాలని ఫోనుకు సందేశం వచ్చింది. అది బుధవారం, మా రైలు శనివారం.

ఆ కార్యాలయంలో కౌంటరు ముందు పదిమంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి గుమాస్తా మూడు కాగితాలనూ పక్కపక్కన పరిచి, అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరు ఎలా ఉందని హిందీలో అడిగాడు. నాకు అర్థం కాలేదు. అతను వేలు పెట్టి చూపించాక గుండె జారింది. దరఖాస్తులో మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అని మూడు గడులు ఉన్నాయి, మా బావమరిది ఆధార్‌లో ఉన్న వరుసలోనే మాటలను వాటిలో పడవేశాడు. మనకు ఇంటిపేరు ముందుంటుంది కనుక అది మొదటి పేరు అయింది, మా అసలు పేర్లు చివరి గడికి చేరి ఇంటిపేర్లయ్యాయి. అంటే అన్నయ్య, వదిన, నేను ముగ్గురం ఒకే పేరు గలవాళ్లం, ముగ్గురివీ మూడు వేర్వేరు ఇంటిపేర్లు. పైగా ఓటరు కార్డులో నా పేరు ముందుండి, ఇంటిపేరు వెనుక ఒక్క పొడి అక్షరంగా మిగిలింది.

"మీ టైటిల్ ఏమిటి?" అని అడిగాడు గుమాస్తా. హోదా అడుగుతున్నాడనుకొని, రిటైర్డ్ హెడ్మాస్టరునని కాస్త గట్టిగానే చెప్పాను. వెనుక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. బెంగాల్‌లో టైటిల్ అంటే ఇంటిపేరని నా వెనుక నిలబడిన పెద్దమనిషి చెవిలో చెప్పాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో పనిచేసి, పదో తరగతి నామినల్ రోల్స్‌లో ఒక్క పిల్లవాడి పేరు కూడా తప్పు పోనివ్వని నేను, నా పేరు నేను చెప్పుకోలేక నలుగురిలో నిలబడ్డాను. ఇంటిపేరు మాకు ముందు వస్తుందని వివరించబోతే, అతను నాకేసి చూడకుండానే మా నాన్నగారి పేరు కూడా చదివి, మా ముగ్గురు మగవాళ్లకూ నడుమ ఉన్న మాటను పట్టుకున్నాడు. అది "వెంకట". మా ఇంట్లో తిరుపతి మొక్కు కారణంగా మగపిల్లలందరికీ పెడతారు. కుటుంబంలో అందరికీ ఉన్నది ఇదొక్కటే కనుక ఇదే టైటిల్ అని తీర్మానించి టైపు చేశాడు. నేను వద్దంటూ ఉండగానే భోజన విరామమని కిటికీ మూసివేశారు, మర్నాడు రమ్మన్నారు.

ఆ మధ్యాహ్నం అవమానం మింగలేక ఇండియన్ మ్యూజియానికి పోయాం. 1814లో పెట్టిన ఆ మ్యూజియంలో నేను చూడగలిగింది ఒక్క గదే, మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ బౌద్ధ స్తూపపు ఎర్రరాతి ప్రాకారం ఉన్న గది. స్తంభాల మీద దాతల పేర్లు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. మొదటి స్తంభం విదిశకు చెందిన చాపాదేవి, రేవతీమిత్రుని భార్య ఇచ్చిన దానమట. పేరు, ఊరు, ఎవరి తాలూకో చెబితే రెండువేల ఏళ్ల కింద సరిపోయింది, ఆమెను టైటిల్ ఎవరూ అడగలేదు. పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ ఆ స్తూపపు శిథిలాలను గుర్తించినది 1873లో. తేయాకు, రబ్బరు, ఏనుగు దంతాల వ్యాపారం కోసం కొండల్లోకి చొరబడే తన ప్రజలను అదుపులో పెట్టడానికి తెల్లదొరల ప్రభుత్వం తెచ్చిన సరిహద్దు నిబంధన, అంటే మా పర్మిట్‌కు మూలపురుషుడు, పుట్టినది కూడా ఆ సంవత్సరమే. వదిన కాళ్లు నొప్పులంటున్నా ఆ గదిలోనే గంటసేపు కూర్చోబెట్టాను.

గురువారం ఆ గుమాస్తా సెలవు. శుక్రవారం మాకు దారి చూపినవాడు ఆ కార్యాలయపు అటెండరు. మా గోడు అంతా విని, తెల్ల కాగితం మీద "ఈ రెండు పత్రాలలోని వ్యక్తిని నేనే" అని ముగ్గురూ విడివిడిగా రాసి సంతకం చేసి, ఇంటిపేరు కింద గీత గీసి, తిన్నగా లోపలి గదిలోని అధికారికి ఇవ్వమన్నాడు. ఆ అధికారి తల ఎత్తకుండానే సంతకం పెట్టాడు. రెండు రోజులు మమ్మల్ని తిప్పిన చిక్కుముడికి పట్టిన సమయం అంతే. సాయంత్రం నాలుగున్నరకు మూడు పర్మిట్లూ చేతికి వచ్చాయి.

పోదలచినవారు దరఖాస్తు తామే నింపుకోవాలి, బంధువుల చేత నింపించకూడదు. ఇంటిపేరును చివరి గడిలో వేయాలి, ఆధార్‌లో ఏ వరుసలో ఉన్నా సరే. ఫొటోలు, జిరాక్సులు కావలసినదానికి రెట్టింపు పట్టుకుపోవాలి. ఊరు చూడడం తరువాత, దిగిన రోజే పర్మిట్ పని చూసుకోవాలి. సోమవారం మ్యూజియం మూసి ఉంటుంది. బావమరిది మాత్రం ఫోను చేసి, "వచ్చేసిందిగా బావా, నేను చెప్పలేదా" అన్నాడు, నేను బదులు చెప్పకుండా పెట్టేశాను.

నా పర్మిట్‌ను కౌంటరు దగ్గరే మూడుసార్లు అక్షరం అక్షరం చదువుకున్నాను. మిగిలిన రెండూ రైలెక్కాక ఇందాకే తీసి చూశాను. వదినది సరిగా ఉంది. అన్నయ్యదానిలో చివరి గడిలో ఇంకా "వెంకట" అనే ఉంది. ఆయన కింది బెర్తు మీద నిద్రపోతున్నాడు, లేపలేదు.