పూర్ణా మార్కెట్ ఇత్తడి రోలు

పింగాణీ కల్వం నా చేతిలోనే పగిలింది. 1984 జనవరి, ఎమ్మెస్సీ చివరి సంవత్సరం ప్రాజెక్టు. ప్రాజెక్టు చేయిస్తున్న మాస్టారికి చెప్పాలంటే భయం. ఆ సాయంత్రమే విశాఖలోని పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి, యాలకులు దంచుకునే చిన్న ఇత్తడి రోలు కొనుక్కొచ్చాను. ఈ సంచిక కోసం మాస్టారి గురించి రాయమన్నప్పుడు మొదట కళ్ళ ముందు మెదిలింది ఆ రోలే.

జామకాయల్లో, ఉసిరికాయల్లో సి విటమిన్ ఎంత ఉందో కొలవడం నా పని. కాయను దంచి, ఆక్సాలిక్ ఆమ్లం కలిపి వడగట్టి, అందులోకి బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి నీలిరంగు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలాలి. విటమిన్ మిగిలి ఉన్నంతసేపూ పడిన చుక్క పడినట్టే రంగు కోల్పోతుంది. విటమిన్ అయిపోయాక లేత గులాబి రంగు తేలి, పదిహేను సెకన్లు నిలుస్తుంది. అప్పుడు లెక్క రాసుకోవాలి. వంద గ్రాముల జామకాయలో 212 మిల్లీగ్రాములని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టిక. నాకు అందులో సగం కూడా రావడం లేదు. కాయలు మార్చాను, కొట్టు మార్చాను, పాపం ఆ జామకాయల అవ్వను అనుమానించాను కూడా.

మాస్టారు నా నోటుపుస్తకం తిరగేసి, "దేనిలో దంచుతున్నావోయ్?" అని అడిగారు. రోలు తెచ్చి చూపించాను.

"ఇత్తడిలో ఏముంటుంది?"

"రాగి, తుత్తునాగం, మాస్టారూ."

"రాగి తగిలితే సి విటమిన్ గాలికి ఎంత తొందరగా పాడవుతుందో పది రోజులుగా నువ్వే కొలుస్తున్నావు. ఆ అంకెలు చింపెయ్యకు."

పగిలిన కల్వం సంగతి ఎత్తనే లేదు. మర్నాడు నా బల్ల మీద కొత్తది ఉంది.

ఆయన పరిశోధన అంతా ఆ ఒక్క అణువు చుట్టూ తిరిగింది. 1937లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త సెంట్ జ్యోర్జి హంగరీలో ఎర్ర మిరపకాయల నుంచి దాన్ని కిలోల లెక్కన తీసిన కథ ఏటా చెప్పేవారు, ఏటా మొదటిసారి చెబుతున్నంత ఉత్సాహంగా. ఎలుకలు తమ కాలేయంలో సి విటమిన్‌ను తామే తయారుచేసుకుంటాయి. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైమ్ మనకూ లేదు, గినీ పందులకూ లేదు. అందుకే ఆయన ప్రయోగాలన్నీ గినీ పందుల మీద. విటమిన్ లేని మేత పెడితే మూడు నాలుగు వారాలకు కీళ్ళు నొప్పి చేసి, ఎత్తుకోగానే అరిచేవి. వాటికి పేర్లు పెట్టకూడదని మాకు ఆజ్ఞ. ఆయన మాత్రం రహస్యంగా పెట్టుకున్నారని ఇప్పటికీ నా అనుమానం.

వాటి కాలేయంలో కొవ్వులు ఎంత చెడ్డాయో తెలుసుకోవడానికి థయోబార్బిట్యూరిక్ ఆమ్లం వేసి మరిగే నీళ్ళలో పెట్టేవాళ్ళం. ఇక్కడా గులాబి రంగే. అది ఎంత చిక్కగా ఉందో 532 నానోమీటర్ల కాంతి దగ్గర కొలవాలి. విటమిన్ అందని జంతువుల్లో రంగు చిక్కగా వచ్చేది. అది ఊహించినదే. ఒకసారి మామూలు కాలేయం ముద్దలోనే కాస్త ఇనుము, కాస్త సి విటమిన్ కలపమన్నారు. రంగు తగ్గుతుందనుకున్నాను. ముదురు గులాబి అయి కూర్చుంది! యాంటీ ఆక్సిడెంట్‌గా, అంటే ఆక్సిజన్ వల్ల జరిగే చెడును ఆపేదిగా, కాపాడవలసినదే దగ్గరుండి చెడగొట్టింది.

సి విటమిన్ ఇనుముకు ఎలక్ట్రాన్ ఇచ్చి ఫెర్రస్ రూపంలో ఉంచుతుంది. చర్మాన్ని, చిగుళ్ళను పట్టి ఉంచే కొల్లాజెన్ ప్రొటీన్‌ను గట్టిపరిచే ఎంజైముకు కావలసినది ఆ రూపమే; అది కరువైతేనే స్కర్వీ అనే సి విటమిన్ లోపం జబ్బులో చిగుళ్ళు నెత్తురోడేది. పరీక్షనాళికలో విడిగా తిరిగే ఇనుముకు అదే సాయం అందితే, అది కొవ్వులను తగలబెట్టే రాడికల్స్‌ను, అంటే దొరికినదానితో చర్య జరిపే చురుకైన అణువులను, పుట్టిస్తుంది. శరీరం ఇనుమును ప్రొటీన్లకు కట్టి ఉంచుతుంది కాబట్టి మనం బతికిపోతున్నాం. "యాంటీ ఆక్సిడెంట్ అన్నది ఉద్యోగం పేరు లాంటిదయ్యా, బదిలీ అయితే పని మారుతుంది" అనేవారు మాస్టారు.

1970లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ సి విటమిన్, జలుబుల మీద రాసిన పుస్తకం వచ్చాక, జలుబుకు గ్రాముల కొద్దీ మాత్రలు మింగే మోజు మన ఊరికీ పాకింది. పాలింగ్ అంటే ఆయనకు గొప్ప గౌరవం, ఆ ఒక్క విషయంలో తప్ప. బీచ్ రోడ్డులో సాయంత్రం నడకలో ఎవరైనా ఆపి అడిగితే, "ఎక్కువైనది మూత్రంలో పోతుంది, ఆ డబ్బుతో జామకాయలు కొనుక్కోండి" అని నడక ఆపకుండానే చెప్పేవారు.

1994లో ఫిన్లాండ్ అధ్యయనం వచ్చింది. పొగతాగే మగవాళ్ళు 29 వేల మందికి పైగా పాల్గొన్నారు. యాంటీ ఆక్సిడెంటే అయిన బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువ కనిపించింది. హైదరాబాదు నుంచి ఆ వ్యాసం నకలు పంపాను. వారానికి కార్డు వచ్చింది. దాని మీద ఒక్క వాక్యం: "ఇత్తడి రోలు గుర్తుందా?"

కిందటిసారి విశాఖ వెళ్ళినప్పుడు ఎంవీపీ కాలనీలో వాళ్ళింటికి వెళ్ళాను. చూపు మందగించింది. జామకాయ ముక్కలు ఉప్పూకారంతో పళ్ళెంలో పెట్టించారు.

"ఆ రోలు ఏం చేశావు?"

"మా వంటింట్లోనే ఉంది మాస్టారూ. టీలోకి అల్లం దంచుతాం."

కాసేపు ఆలోచించారు.

"అల్లానికి పరవాలేదులే" అన్నారు.