42వ రోజు తర్వాత

మా అన్న కూతురు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో నర్సుగా చేస్తోంది. సంక్రాంతికి ఫోన్ చేసి కొత్త ఉద్యోగంలో చేరానని చెప్పింది. మందుకో, మత్తు మాత్రలకో అలవాటుపడిన గర్భిణులు, బాలింతలు ఉండి వైద్యం చేయించుకునే చోటట. నెలల తరబడి అక్కడే ఉంటారట. "అత్తా, ఇక్కడ ప్రతి గది తలుపు మీదా రెండు పేర్లు ఉంటాయి. పైన తల్లి పేరు, కింద బిడ్డ పేరు. బిడ్డ ఇంకా పుట్టకపోతే కింద ఖాళీగా ఒక గీత గీసి ఉంచుతారు" అంది.

ఆ గీత గురించి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సుబ్బులు గుర్తొచ్చింది. అది అసలు పేరు కాదు, ఆ మనిషి ఇంకా మా పక్క ఊళ్లోనే ఉంది కాబట్టి పేరు మార్చి రాస్తున్నాను.

నేను నెల్లూరు జిల్లా కలిగిరి చుట్టుపక్కల సబ్‌సెంటర్లలో 32 ఏళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. మాది పొగాకు నేల. కలిగిరిలో, డీసీ పల్లిలో వేలం కేంద్రాలున్నాయి. జనవరి వచ్చిందంటే ఆకు రెలుపులు, అంటే కోతలు, కర్రలకు అల్లడం, ఆకు ఆరబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించడం, ఆ తర్వాత గ్రేడింగ్. గ్రేడింగ్‌లో కూర్చునేది దాదాపు అంతా ఆడవాళ్లే. పొద్దున ఏడింటికి కూర్చుంటే సాయంత్రం దాకా ఆకు రంగు చూడటం, విడదీయడం, కట్ట కట్టడం. మధ్యలో ఆకలేస్తే లేచి వెళ్లి తినొచ్చే పని కాదు. కాస్త పొగాకు తుంపి, అరచేతిలో సున్నం వేసి నలిపి బుగ్గన పెట్టుకుంటే ఆకలి చచ్చిపోతుంది. సుబ్బులుకి ఆ అలవాటు పదమూడో ఏట వాళ్ల అమ్మ పక్కన కూర్చున్నప్పుడే వచ్చింది.

2012లో సుబ్బులు రెండో కాన్పు. మొదటి బిడ్డ కిలో ఎనిమిది వందలతో పుట్టి పన్నెండో రోజు పోయింది. ఆ దుఃఖంలో మొగుడితో పాటు తనూ తాగడం మొదలుపెట్టిందని ఊరంతా చెప్పుకునేవాళ్లు. మూడో నెలలో నా దగ్గరికి వచ్చినప్పుడు రక్తం 7 గ్రాములు. నోరు తెరవమంటే బుగ్గ లోపల తెల్లగా, ముడతలు పడి తోలులా ఉంది. పొగాకు ఎప్పుడూ ఒకే చోట పెట్టుకోవడం వల్ల అట్లా అవుతుంది.

ఆ రోజు బుధవారం, టీకాల రోజు. అంగన్‌వాడీ ముందు ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందూ నేను గట్టిగా అన్నాను: "ఒక బిడ్డను చంపుకున్నావు, చాలలేదా? కడుపులో బిడ్డకు సారా పోస్తావా?" అని. ఆమె ఏమీ అనలేదు. కార్డు చేతిలో పట్టుకుని లేచి వెళ్లిపోయింది. తర్వాత రెండు నెలలు నా దగ్గరికి రాలేదు. ఆ మాట నేను ఎందుకన్నానో ఈ రోజుకీ నాకు నేను చెప్పుకోలేను. బిడ్డ మీద ప్రేమతోనే అన్నాననుకున్నాను. కానీ ఆ రెండు నెలలు ఆమెకు ఐరన్ మాత్రలు లేవు, బీపీ చూసినవాళ్లు లేరు. నా నోటి దురుసు వల్ల పోయిన రెండు నెలలు అవి.

చివరికి మా ఆశా చెప్తే నేనే వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నేను కూడా కింద కూర్చున్నాను. ఈసారి ఎందుకు తాగుతున్నావని అడగలేదు, ఎప్పుడు తాగాలనిపిస్తుందో చెప్పమన్నాను. చాలాసేపటికి చెప్పింది. "రేత్రిపూట నర్సమ్మా. పండుకుంటే పాలొచ్చినట్టు ఉంటది. బిడ్డ లేదుగా, ఆ పాలు యాడికి పోతాయి? అది తలకాయలోకి ఎక్కతది. కాస్త తాగితే నిద్రొస్తది." ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఏ ట్రైనింగ్‌లోనూ నాకు ఎవరూ నేర్పని సంగతి అది.

ఇంకో మాట కూడా చెప్పింది. పచ్చాకు రెలుపుకి వెళ్లినప్పుడు తల తిరిగి వాంతులవుతున్నాయని, వేవిళ్లేమో అనుకుంటున్నానని. అది వేవిళ్లు కాదు. మంచుకు తడిసిన పచ్చి ఆకు రెలిచేటప్పుడు పసరులోని నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. నమలని మనిషికి కూడా పోతుంది. కడుపుతో ఉన్నవాళ్లను తడి ఆకులోకి పంపకూడదని మా ఊళ్లో ఏ రైతుకీ ఎవరూ చెప్పినట్టు లేదు. ఇది చదివే రైతులు ఎవరైనా ఉంటే దయచేసి గుర్తుపెట్టుకోండి.

పీహెచ్‌సీ డాక్టరుగారితో మాట్లాడాను. బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, కడుపుతో ఉన్న మనిషిని ఇంటి దగ్గర ఉంచి ఆపించకూడదు, డీ అడిక్షన్‌లో చేర్పించండి అన్నారు. ఆ మాట పట్టుకుని సుబ్బులుని, వాళ్ల అత్తని తీసుకుని బస్సెక్కి ఒక టౌన్లో ఉన్న సెంటర్‌కి వెళ్లాను. లోపల వరసగా మంచాలు. అందరూ మగవాళ్లే. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, ఆడవాళ్లకు మా దగ్గర వార్డు లేదు. గర్భిణిని అసలే తీసుకోలేం. కాన్పయ్యాక తీసుకురండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. కాన్పయ్యాక బిడ్డనెక్కడ పెట్టాలని అడిగాను. బిడ్డను మాత్రం తీసుకురాకూడదన్నాడు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ సుబ్బులు కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

చివరికి పెద్దాసుపత్రిలో ప్రసూతి వార్డులోనే ఒక డాక్టరమ్మ జాలిపడి రక్తహీనత కింద అడ్మిట్ చేసుకుంది. పది రోజులు ఉంచి నెమ్మదిగా ఆపించింది. పొగాకు మాత్రం పూర్తిగా మానలేదు. వేయించిన శనగలు, సోంపు చీర కొంగున కట్టుకుని, నోట్లో పొగాకు పెట్టుకోవాలనిపించినప్పుడల్లా అవి నమిలేది. రోజుకి పదిసార్లున్నది మూడుసార్లకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల మూడొందలు. ఆ తూకం కాటా మీద చూసి నేను ఏడ్చాను.

కాన్పు తర్వాత మా ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలి. అది కార్యక్రమం. వెళ్లింది. 42వ రోజున బిడ్డ బాగుంది, తల్లి బాగుంది అని రిజిస్టర్లో రాసుకుని సంతకం పెట్టించుకున్నాం. మూడో నెలలో సుబ్బులు మళ్లీ తాగడం మొదలుపెట్టింది. నాకు తెలిసేసరికి ఆరు నెలలయింది.

ఇప్పుడు మా మేనకోడలు చెప్పిన దానికి వస్తాను. వాళ్ల సెంటర్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను. సామ్సా అని, వ్యసనాలు, మానసిక ఆరోగ్యం చూసే అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1992లో పెట్టారు. గర్భిణులకు, బాలింతలకు అని ప్రత్యేకంగా ఒక గ్రాంటు వాళ్ల చట్టంలోనే రాసి ఉంది. ఆ డబ్బు తీసుకునే సెంటర్ తల్లికి మాత్రమే వైద్యం చేస్తే సరిపోదు. ఆమె పిల్లలు కూడా ఆమెతో ఉండే ఏర్పాటు, వాళ్ల వైద్యం చూడాలి. కుటుంబంలో మిగతావాళ్లతోనూ మాట్లాడాలి. 2016లో ఇంకో చట్టం చేసి, సెంటర్లో ఉండలేని ఆడవాళ్లకు ఇంటి దగ్గర నుంచే వచ్చిపోయే వైద్యం కోసం రాష్ట్రాలకు కూడా గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇవి కాక రాష్ట్రాలకు ఏటా ఇచ్చే మామూలు డబ్బుకీ ఒక షరతుంది. వైద్యం కోసం వచ్చిన గర్భిణిని అందరికంటే ముందు చేర్చుకోవాలి. మంచం ఖాళీ లేకపోతే 48 గంటల్లోపు ఏదో ఒక తాత్కాలిక వైద్యమైనా మొదలుపెట్టాలి. "కాన్పయ్యాక రండి" అనే మాటకి అక్కడ చట్టంలో చోటు లేదన్నమాట.

బిడ్డను పక్కన ఉంచడం జాలితో చేసే పని కాదు, అదే వైద్యం అంది మా పిల్ల. అక్కడ మత్తు మాత్రలు, హెరాయిన్ లాంటి వాటి బాధ ఎక్కువ. గర్భిణి అవి ఒక్కసారిగా మానేయడం మంచిది కాదని మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే మందులు రోజూ ఇస్తారు. పుట్టిన బిడ్డ కొన్ని రోజులు వణుకుతుంది, కీచుమని ఏడుస్తుంది. అలాంటి బిడ్డను తల్లి గుండెలకు హత్తుకుని పడుకోబెడితే, పాలు పట్టిస్తే, గది చీకటిగా నిశ్శబ్దంగా ఉంచితే చాలామందికి మందు అవసరం తగ్గుతుందట. తల్లిని ఒక ఊళ్లో, బిడ్డను ఒక ఊళ్లో ఉంచితే ఇదెట్లా జరుగుతుంది?

అక్కడ అంతా బంగారమని నేను చెప్పడం లేదు. 2014లో టెనెసీ రాష్ట్రంలో గర్భిణి మత్తు వాడితే కేసు పెట్టేలా చట్టం తెచ్చారు. ఆడవాళ్లు కేసుకి భయపడి ఆసుపత్రికే రావడం మానేస్తారని డాక్టర్లు మొత్తుకున్నారు. 2016లో దాని గడువు అయిపోతే మళ్లీ పొడిగించలేదు. అది విన్నప్పుడు నాకు ఆ బుధవారం గుర్తొచ్చింది. వాళ్లు చట్టంతో చేసిన పని నేను నోటితో చేశాను.

కాన్పు తర్వాతి సంగతి కూడా. అక్కడ పేదవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా కాన్పు తర్వాత 60 రోజులకే ఆగిపోయేది. 2022 నుంచి రాష్ట్రాలు కావాలంటే 12 నెలల దాకా ఇవ్వొచ్చని మార్చారు. కాన్పయిన మూడో నెలలో, నాలుగో నెలలో మళ్లీ వ్యసనంలో పడేవాళ్లు ఎక్కువని ఆ దేశం వాళ్లకూ తెలుసు. నాకు సుబ్బులు వల్ల తెలిసింది.

మన దగ్గర గర్భిణికి డబ్బు ఇవ్వడం లేదని ఎవరూ అనలేరు. మాతృవందన కింద మొదటి కాన్పుకి 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 వస్తాయి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టరు పరీక్ష. అంగన్‌వాడీలో గుడ్లు, పాలు. కాన్పుకి 108, ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. ఇంకోపక్క డీ అడిక్షన్‌కి కూడా కేంద్రం డబ్బు ఇస్తోంది, 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అని మొదలుపెట్టారు. ఈ రెండు దారులూ సుబ్బులు లాంటి మనిషి గడప దగ్గర కలవడం నేనెప్పుడూ చూడలేదు. గర్భిణుల పథకం ఆమె తాగుతుందని అనుకోదు. వ్యసనాల పథకం ఆమె కడుపుతో ఉంటుందని అనుకోదు.

ఆడవాళ్లలో తాగేవాళ్లు తక్కువే, నిజం. 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ వాళ్ల సర్వేలో దేశంలో మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం తాగుతున్నారని తేలింది. కానీ నమిలే పొగాకు లెక్క వేరు. 2016-17లో దేశమంతా చేసిన పొగాకు సర్వేలో ఆడవాళ్లలో 12.8 శాతం. వందలో పన్నెండు మందికి పైనే. ఏదైనా ఊరి అంగన్‌వాడీ ముందు కూర్చున్న ఇరవై మందిలో ఇద్దరు ముగ్గురు.

మా దగ్గర దీని గురించి మాట్లాడటం ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. సారా ఉద్యమం పుట్టిన దూబగుంట మాకు పక్కనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1991, 92ల్లో ఆ ఆడవాళ్లు సారా దుకాణాల ముందు నిలబడటం చూశాను. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. అయితే ఆ కథలో తాగేది మగవాడు, ఏడ్చేది ఆడది. తాగే ఆడదానికి ఆ కథలో చోటు లేదు. అందుకే సుబ్బులు బాధ ఎవరికీ చెప్పుకోలేకపోయింది. చెప్పుకుంటే మొదటి రాయి వేసేది మాబోటి వాళ్లమే.

పోయిన నెల ఒక సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇచ్చాను. ఎక్కువేమీ అడగలేదు. జిల్లా ఆసుపత్రి ప్రసూతి విభాగానికి ఆనుకుని, వ్యసనమున్న తల్లుల కోసం బిడ్డతో ఉండేలా రెండు గదులు. ఆశా ఇంటికి వెళ్లే షెడ్యూల్లో, 42వ రోజు తర్వాత ఏడాది దాకా, తల్లి గురించి కూడా అడగాల్సిన నాలుగు ప్రశ్నలు. ఇప్పుడు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఐదుసార్లు వెళ్తున్నారు, కానీ అడిగేదంతా ఎక్కువగా బిడ్డ తిండి, బరువు గురించే. మాతృవందన డబ్బుకి మాత్రం "మానేస్తేనే ఇస్తాం" అనే షరతు పెట్టొద్దని ప్రత్యేకంగా రాశాను. పెడితే అందరూ మానేశామనే చెప్తారు. రసీదు ఇచ్చారు, పర్సులో పెట్టుకున్నాను.

మీ ఇంట్లో, వీధిలో ఇలాంటి మనిషి ఉంటే ఇప్పటికి ఉన్నవి చెప్తాను. మందు, మత్తుకి 14446. పొగాకు మానడానికి 1800 11 2356. రెండూ ఉచితం. బాగా తాగే గర్భిణి అయితే ఇంట్లో బలవంతంగా ఆపించకుండా డాక్టరుకి చూపించండి.

అర్జీ ఇచ్చి వస్తూ కలిగిరి బస్టాండులో సుబ్బులుని చూశాను. పిల్ల ఎనిమిదో తరగతట. మూడేళ్లుగా తాగడం లేదంది. బుగ్గలో పొగాకు ఇంకా ఉంది, నన్ను చూసి పక్కకు తిరిగి ఊసింది. అమెరికాలో గదుల సంగతి చెప్పాను, తలుపు మీద రెండు పేర్ల సంగతి.

"బిడ్డను గూడా రానిస్తారా నర్సమ్మా?"

రానిస్తారని చెప్పాను.

కాసేపు ఆగి అడిగింది: "రేత్రిపూట బిడ్డ ఏడిస్తే ఎవురూ కసరరా?"