ఐదు బొమ్మలు, ఒక పత్తిచేను

మేముండేది ఆర్కాన్సాలో బెంటన్‌విల్. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఇక్కడే కాబట్టి మనవాళ్ళు బాగానే ఉన్నారు. ఊళ్ళోనే, చెట్ల మధ్యలో క్రిస్టల్ బ్రిడ్జెస్ అని పెద్ద ఆర్ట్ మ్యూజియం ఉంది, 2011లో తెరిచారు, ఎంట్రీ ఫ్రీ. ఇండియా నుంచి చుట్టాలొస్తే తీసుకెళ్ళడం, బయట ఆ పెద్ద సాలీడు బొమ్మ కింద ఫొటోలు దిగడం, అరగంటలో రూములన్నీ చుట్టేసి వచ్చేయడం, చాలాకాలం మాకు అంతే.

మా అమ్మాయి నాలుగో క్లాసులో ఉన్నప్పుడు స్కూలు వాళ్ళు ఫీల్డ్ ట్రిప్‌కి అక్కడికే తీసుకెళ్ళారు. సాయంత్రం ఇంటికొచ్చి "అమ్మా, ఐదే పెయింటింగ్స్ చూశాం" అంది. గంటసేపు ఉండి ఐదేనా అన్నాను. గైడ్ పిల్లల్ని బొమ్మ ముందు నేలమీద కూర్చోబెట్టి, పేరు చెప్పకుండా, ఎవరు వేశారో చెప్పకుండా, ముందు "ఏం కనబడుతోంది?" అని అడిగిందట, పిల్లలు ఏదో ఒకటి చెప్పగానే "బొమ్మలో ఎక్కడ చూసి అలా అనుకున్నావ్, చూపించు" అందట. వాళ్ళు కాసేపు వాదులాడుకున్నాకే అసలు కథ చెప్పిందట.

ఆ ఐదిట్లో ఒకటి దీని మనసులో పడిపోయింది. థామస్ హార్ట్ బెంటన్ 1934లో వేసిన 'ప్లవింగ్ ఇట్ అండర్'. ఒక రైతు నాగలి పట్టుకుని దున్నుతుంటాడు, విత్తడానికి కాదు, ఎదిగిన పంటని మట్టిలో కలిపేయడానికి. గ్రేట్ డిప్రెషన్ రోజుల్లో, అంటే 1930ల ఆర్థికమాంద్యంలో, ధరలు బాగా పడిపోతే, పంట తగ్గితే ధర లేస్తుందని 1933లో ఇక్కడి గవర్నమెంటే రైతులకి డబ్బులిచ్చి కోటి ఎకరాల దాకా పత్తిని దున్నించేసింది.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో మా నాన్నకి ఇదంతా చెప్పింది. మామూలుగా అయితే "బావున్నా తాతయ్యా, తిన్నా తాతయ్యా" అని ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. మా నాన్న గుంటూరు పక్క పల్లెలో నలభై ఏళ్ళు పత్తి, మిర్చి వేసిన మనిషి. "డబ్బులిచ్చి మరీ దున్నించారా?" అని ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, మిర్చికి ధర లేని ఏడు కోత కూలి కూడా రాదని పంట చేలోనే వదిలేసిన సంగతి చెప్పాడు. ఆ ఏడు నేను హాస్టల్లో ఉన్నాను, నాకెవరూ చెప్పలేదు. "మరి నీకెవరు డబ్బులిచ్చారు తాతయ్యా?" అంది ఇది. "ఎవరూ ఇవ్వలేదమ్మా" అన్నాడు.

ఈ మ్యూజియం తెరిచిన కొత్తలో యూనివర్సిటీ ఆఫ్ ఆర్కాన్సా వాళ్ళు 123 స్కూళ్ళలో దాదాపు 11 వేలమంది పిల్లల మీద స్టడీ చేశారు, లాటరీ తీసి కొన్ని స్కూళ్ళని ముందు, కొన్నిటిని తర్వాత పంపి రెండు గుంపుల్నీ పోల్చారు. ట్రిప్ అయిన కొన్ని వారాలకి అడిగితే ఈ బెంటన్ బొమ్మ వెనకున్న సంగతి, అది చూసినవాళ్ళలో 79 శాతం మందికి గుర్తుందట. కొత్త బొమ్మని నిదానంగా చూసి ఆలోచించడం కూడా మెరుగైంది, పల్లెటూళ్ళ పిల్లల్లో, పేద స్కూళ్ళ పిల్లల్లో ఇంకా ఎక్కువ. మా ఇంట్లో జరిగింది చూశాక నాకు ఆశ్చర్యమనిపించలేదు.

మనవాళ్ళం వీకెండ్ డ్రాయింగ్ క్లాసులకి బోలెడు కడతాం, అక్కడ పదిమందీ ఒకే బొమ్మ చూసి ఒకేలా దించుతారు, చెయ్యి తిరుగుతుంది, కాదనను, కానీ చూడ్డం ఎవరూ నేర్పరు. ఇప్పుడు మేం నెలకోసారి వెళ్తాం, మూడు బొమ్మలకి మించి చూడం. రంగుల పేర్లు మాత్రం తెలుగులో చెప్పుకోవాలని మా ఇద్దరి ఒప్పందం. నాకొచ్చినవన్నీ మా అమ్మ చీరల కొట్లో అనగా విన్నవే: ఉల్లిపొర రంగు, నెమలికంఠం, చిలకపచ్చ, బచ్చలిపండు, మెంతి రంగు. డ్యూరాండ్ 1849లో వేసిన 'కిండ్రెడ్ స్పిరిట్స్'లో ఇద్దరు స్నేహితులు కొండ అంచున నిలబడి ఉంటారు, కింద లోయంతా చెట్లు. గ్రీన్ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా ఇది చిలకపచ్చ, ఇది ముదురాకు, అదిగో ఆ మూల పండుటాకు అని వేలితో గాల్లో చూపిస్తూ ఇరవై నిమిషాలు నిలబడింది మా అమ్మాయి.

మొన్న ఎండాకాలం రాజమండ్రి వెళ్ళినప్పుడు, మా అత్తగారి ఊరు అది, దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్దామని అదే అడిగింది. ఆయన 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు, అంత చిన్న వయసులో అన్ని బొమ్మలా అని నేనే నోరు తెరిచాను. మా అత్తగారు కూడా వచ్చారు. 'పుష్పాలంకరణ' ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, "నాన్నమ్మా, నీకేం కనబడుతోంది?" అనడిగింది మా అమ్మాయి.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "పూలు పెడుతున్నారే" అన్నారు. "నా పెళ్ళికి మా పెద్దక్క మొగలిరేకులతో జడ కుట్టింది, రెండ్రోజులు మెడ తిప్పలేకపోయాను" అని మొదలుపెట్టి, పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళాక కూడా ఆ కథే చెబుతున్నారు.