"అయోగ్యముగా" అంటే

ఈ ఉదయం చర్చిలో ప్రభువు బల్ల (యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) జరుగుతోంది. రొట్టె పళ్లెం వరుసలో వస్తుంటే ఒకాయన ముట్టుకోకుండానే పక్కవాళ్లకి అందించేశాడు. తల కూడా ఎత్తలేదు పాపం.

ఆ భయం ఎక్కడిదో తెలిసిందే. బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన పత్రిక, మొదటి కొరింథీ 11:27. "అయోగ్యముగా" తింటే అపరాధి అని.

కానీ అక్కడున్నది "అయోగ్యుడు" కాదండీ, "అయోగ్యముగా". గ్రీకులోనూ క్రియా విశేషణమే. తినేవాడి గురించి కాదు, తినే తీరు గురించి. ఆ తీరేంటో 21, 22 వచనాల్లోనే ఉంది: ఆ సంఘ భోజనంలో కొందరు ముందే తినేసేవాళ్లు, ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తులో. లేనివాళ్లకి మిగిలింది సిగ్గు.

28లో పౌలు ఎవరిని వాళ్లు పరీక్షించుకోమన్నాడు, నిజమే. పరీక్షించుకుని మానెయ్యమన్నాడా? "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు. బల్ల ముందు చాలామంది 27 చదివి అక్కడే ఆపేస్తారెందుకో!