కూర్మయ్యకు కొసరి వడ్డించకూడదు

డాలస్ దగ్గర మా వీధిలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం తమ తాబేలును మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్లింది. కంటి వెనక ఎర్రటి చార ఉండే నీటి తాబేలు, ఈ టెక్సస్ చెరువుల్లో పుట్టి పెరిగే జాతే. డిప్ప నాలుగు అంగుళాలైనా లేని తాబేలు పిల్లలను పెంపకానికి అమ్మడం అమెరికాలో 1975 నుంచి నిషేధం. తాబేళ్ల నుంచి మనుషులకు అంటుకుని జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంటే భయం. మాకు వచ్చినది ఆరంగుళాలది.

అప్పుడే మా అమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి ఉంది. శ్రీకూర్మం గుడిలో తాబేళ్లకు ఆకుకూర పెట్టి దండం పెట్టుకున్న మనిషి. చూడగానే "కూర్మయ్యా!" అంది. ఆ పేరే స్థిరపడింది. తాబేలును ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలని, దాని తొట్టిని వంటింటి సింకులో తోమకూడదని ఆవిడకు నేను చెప్పాల్సిన పనే పడలేదు.

కష్టమంతా తిండి దగ్గరే వచ్చింది. కూర్మయ్య అద్దం దగ్గరికి వచ్చి మెడ చాచి కాళ్లాడిస్తే అమ్మ ప్రాణం ఉసూరుమనేది. "పాపం, ఆకలి కాబోలు" అంటూ రోజుకు నాలుగుసార్లు ఎండు రొయ్యలు వేసేది. నేనూ అడ్డు చెప్పలేదు. రెండు నెలలు గడిచేసరికి దాని కనురెప్పలు ఉబ్బి, కళ్లు మూసుకుపోయాయి. తిండి కనబడక మూతి పక్కకు తిప్పేసుకునేది. అమ్మాయి తొట్టి పక్కనే కూర్చుని ఏడ్చింది.

విటమిన్ ఎ లోపమని పశువైద్యురాలు తేల్చింది. చిన్నప్పుడు పురుగూ చేపా ఎక్కువగా తిన్నా, ఎదిగాక ఈ జాతికి సగానికి పైగా ఆకే ఉండాలట. కొలార్డ్, డాండెలియన్, రొమైన్ ఆకులు, కాస్త క్యారెట్ తురుము. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గుళికల మేత దాని తలకాయంత, అదీ రోజు విడిచి రోజు. ఏది పెట్టినా నీళ్లలోనే వేయాలి, నీటి సాయం లేకుండా అది మింగలేదు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ దీపం లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా డిప్పకు చేరదు. కాల్షియం కోసం డాక్టరు ఇచ్చిన తెల్లటి కటిల్‌బోన్ బిళ్లను అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో గీకింది. "ఇది సముద్రపు నురుగే కదే! పచారీ కొట్లో దొరికేది." ఆ రోజంతా అమ్మ ముఖం వెలిగిపోయింది.

అమ్మాయి పట్టిక రాసి ఫ్రిజ్‌కు అంటించింది. తొట్టి పక్కనుంచి రొయ్యల డబ్బా తీసి దాచేసింది. "అమ్మమ్మా, మనిషి కనబడితే అది అలాగే వస్తుంది. అది ఆకలి కాదు" అని నచ్చజెప్పింది. అమ్మ వినలేక విన్నది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, చాలు అన్నాక కూడా నేను పెరుగన్నం మరో గరిటె వేయబోతే, అమ్మాయి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నా మాట కూడా వింటావా అమ్మా?" అమ్మ ముద్ద, నాన్న ముద్ద, చందమామ ముద్ద అంటూ పెరిగినదాన్ని నేను. చాలన్న తర్వాత పెట్టే ముద్దలోనే ప్రేమంతా ఉందని గట్టిగా నమ్మినదాన్ని. గరిటె గిన్నెలో పెట్టేశాను.

కళ్లు పూర్తిగా తెరుచుకోవడానికి నెల పైనే పట్టింది. అమ్మ ఊరికి వెళ్లిపోయాక కూడా వీడియోలో మొదట అడిగేది దాని గురించే.

"కూర్మయ్య తిన్నాడా?"

"ఈ రోజు ఉపవాసం అమ్మమ్మా. రేపు ఆకు పెడతాను."

"ఉపవాసమా! మరి ముందే చెప్పవేం?" అంది అమ్మ, తృప్తిగా.