రొమ్ము సాంద్రత గురించి రక్తం ఎంతవరకు చెప్పగలదు?

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్-రే) రిపోర్టులో 'డెన్స్', అంటే సాంద్రత ఎక్కువ, అన్న మాట కనబడగానే చాలామంది స్త్రీలు దాన్ని గడ్డ అనుకొని భయపడిపోతారు. అది జబ్బు పేరు కాదు. రొమ్ములో కొవ్వుతో పోలిస్తే పాలగ్రంథులు, పాలనాళాలు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం ఎంత మేరకు ఉన్నాయో తెలిపే కొలత మాత్రమే. చేత్తో తడిమి దీన్ని తెలుసుకోవడం సాధ్యం కాదు. ఎక్స్-రేలో కొవ్వు నల్లగా, ఈ కణజాలం తెల్లగా కనిపిస్తుంది. కణితి కూడా తెల్లగానే ఉంటుంది కనుక, సున్నం కొట్టిన గోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలాగా కంటికి ఆనకుండా పోయే ప్రమాదం ఉంది.

హబ్సిగూడలో ఉండే మా వదినకు మొన్న తీసిన మామోగ్రామ్‌లో నాలుగు చిత్రాలున్నాయి: ఒక్కో రొమ్ముకు పైనుంచి ఒకటి, పక్క నుంచి ఏటవాలుగా ఒకటి. సాంద్రతను ఏ (అతి తక్కువ), బీ, సీ, డీ (అతి ఎక్కువ) అని నాలుగు తరగతులుగా చెబుతారు. ఆమెది సీ. "దీనికి రక్తపరీక్ష ఏమైనా ఉందామ్మా?" అని ఆమె నన్నడిగింది. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే ఐజీఎఫ్-1 అనే ప్రోటీన్ దగ్గర మొదలుపెట్టాలి.

ఇన్సులిన్‌ను పోలిన ఈ ప్రోటీన్‌లో 70 అమైనో ఆమ్లాలు ఉంటాయి. గ్రోత్ హార్మోన్ ప్రేరణతో ప్రధానంగా కాలేయం దీన్ని తయారు చేస్తుంది. రక్తంలోని ఐజీఎఫ్-1లో ఎక్కువ భాగం ఐజీఎఫ్‌బీపీ-3 అనే మరో ప్రోటీన్‌ను అంటిపెట్టుకొని తిరుగుతుంది. కణాలను విభజన వైపు నెట్టడం, అవి చనిపోకుండా కాపాడడం ఐజీఎఫ్-1 పని. అందువల్ల రొమ్ములో గ్రంథి కణజాలం పెరగడానికి ఇదే కారణమేమోనన్న అనుమానం సహజంగానే వచ్చింది. 2000లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం నెలసరి ఆగని స్త్రీలలో ఐజీఎఫ్-1 ఎక్కువగా ఉన్నవారికి సాంద్రత కూడా ఎక్కువగా ఉన్నట్టు చూపింది. నెలసరి ఆగినవారిలో ఆ సంబంధం కనబడలేదు. తరువాతి అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు. క్యాన్సర్ విషయంలో మాత్రం ఆధారం గట్టిది: 17 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణలో, ఐజీఎఫ్-1 అత్యధికంగా ఉన్న ఐదో వంతు స్త్రీలకు అత్యల్పంగా ఉన్న ఐదో వంతు కంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు 28 శాతం ఎక్కువని తేలింది.

మరి సాంద్రతతో లెక్క ఎందుకు కుదరడం లేదు? నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. వయసు పెరిగేకొద్దీ ఐజీఎఫ్-1 తగ్గుతుంది, సాంద్రతా తగ్గుతుంది. రెండూ కలిసి తగ్గినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనలేము. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ హార్మోన్లను కలిపి మాత్రలుగా వాడే స్త్రీలలో సాంద్రత పెరుగుతుంది, కానీ నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజన్ కాలేయం మీద పనిచేసి రక్తంలోని ఐజీఎఫ్-1ను తగ్గిస్తుంది. పైగా రొమ్ములోని పీచు కణాలు తమకు కావలసిన ఐజీఎఫ్-1ను అక్కడికక్కడే తయారు చేసుకోగలవు. చేతినరం నుంచి తీసిన రక్తం ప్రధానంగా కాలేయం సంగతి చెబుతుంది తప్ప, రొమ్ములో ఏం జరుగుతోందో పూర్తిగా చెప్పదు. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం సాంద్రతలోని తేడాలలో సుమారు 60 శాతం వంశపారంపర్యంగా వచ్చేవే.

సాంద్రత అతి ఎక్కువగా ఉన్నవారికి అతి తక్కువగా ఉన్నవారి కంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు నాలుగైదు రెట్లు ఉంటుందన్న మాట తరచుగా వింటాం. అది రెండు కొసల మధ్య పోలిక. అధిక సంఖ్యాకులు ఆ రెంటి నడుమ ఉంటారు కనుక సగటు స్త్రీతో పోలిస్తే ఆ తేడా చాలా తక్కువే. అయినా మనకు ఈ విషయం ముఖ్యం, ఎందుకంటే పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో రొమ్ము క్యాన్సర్ సుమారు పదేళ్లు ముందుగా కనబడుతోంది, ఆ వయసులో సాంద్రత ఎక్కువగానే ఉంటుంది. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి ప్రతి మామోగ్రామ్ కేంద్రమూ సాంద్రత సంగతిని స్త్రీకి రాతపూర్వకంగా తెలపాలి. మన హైదరాబాదులోనూ రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులోనో ఉర్దూలోనో విడమరచి చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఐజీఎఫ్-1 పరీక్ష గ్రోత్ హార్మోన్ లోపాలను, అది అతిగా తయారవడం వల్ల వచ్చే అక్రోమెగలీ అనే జబ్బును పరిశీలించడానికి ఉద్దేశించినది. రొమ్ము సాంద్రత కోసం దాని మీద డబ్బు ఖర్చు పెట్టవద్దని వదినకు చెప్పాను. రేడియాలజిస్టు సలహా మీద ఆమె అల్ట్రాసౌండ్ చేయించుకుంటోంది.