చోళులు కట్టలేదు అంకుల్

లైటు ఆపి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి వచ్చాను. లిఫ్టులో ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

మా సెక్రటరీ అంకుల్ ఆదివారం సాయంత్రం క్లబ్ హౌస్‌లో నాచేత కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడి ఫోటోలు చూపించే కార్యక్రమం పెట్టారు. దానికి నేను సరేనన్న మాట నిజమే. కానీ కాగితం మీద తమిళంలో పెద్ద అక్షరాలతో 'సముద్రం దాటిన మన చోళుల ఆలయం' అని వేశారు. కింద నా పేరు, ఫ్లాట్ నంబరు. చదివినవాళ్ళు ఆ మాట నేనే అన్నాననుకోరూ? ఏమీ పట్టని మావారు కూడా లిఫ్టు దిగుతూ, "చోళులా? సూర్యవర్మ అన్నారు కదా ఆ గైడు" అన్నారు.

అంగ్‌కోర్ వాట్ చోళులు కట్టలేదు. 12వ శతాబ్దం మొదటి సగంలో ఖ్మేర్ రాజు (ఖ్మేర్ అంటే కంబోడియా వాళ్ళే) రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించాడు. రాయి కులేన్ కొండల నుంచి వచ్చింది, చెక్కింది ఖ్మేర్ శిల్పులు. ఇదే మాట పార్కింగ్‌లో అంకుల్‌తో చెబితే ఆయన నవ్వేసి, "పేరులో వర్మన్ ఉంటే మనవాడు కాక ఎవరమ్మా" అన్నారు. మహేంద్రవర్మన్, నరసింహవర్మన్ పల్లవులు కదా, చోళులు కారు కదా అందామనుకున్నాను. అప్పటికే ఆయన వాటర్ ట్యాంకరు వాడితో గొడవలో పడిపోయారు.

అసలు ఈ 'మన' అనే మాట మీద నాకు చిరాకు అక్కడే, కంబోడియాలో మేం తిరిగిన వ్యాన్‌లోనే మొదలైంది. ట్రిప్పు నుంచి వచ్చాక రాసిన టపాలో మాతో వచ్చిన ఒకాయన గురించి ఎత్తలేదు. పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోను. మా గ్రూపులో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రిటైరయ్యాడు. ఏ గోడ దగ్గర నిలబెట్టినా, "ఇదంతా మనదే, వీళ్ళకేం తెలుసు" అనేవాడు. గైడు కుర్రాడు పక్కనే ఉన్నాడన్న జ్ఞానం కూడా లేదు. తెలుగు రాకపోతే మాత్రం ఆ గొంతులో వెటకారం అర్థం కాదా? ఆ అబ్బాయి ప్రతిసారీ నవ్వి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేనైతే ఆ నవ్వు నవ్వలేను.

క్షీరసాగర మథనం గోడ ఉంది కదా, తూర్పు వైపు. దాదాపు 49 మీటర్ల పొడవు. ఒక పక్క 92 మంది రాక్షసులు, ఇంకో పక్క 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. నీళ్ళలో చేపలూ మొసళ్ళూ ముక్కలైపోతున్నట్టు చెక్కారు, అంత ఉధృతంగా చిలుకుతున్నారన్నమాట. దేవతల వరస చివర వాసుకి తోక పట్టుకుని ఒక కోతి రూపం ఉంది. హనుమంతుడంటారు. మన కథలో పాలసముద్రం దగ్గర హనుమంతుడెక్కడ! అమ్మకి అది ఎంత నచ్చిందో. "పోన్లే, వీళ్ళ కథలోనైనా పిలిచారు ఆయన్ని" అంది. పెద్దాయన మాత్రం, "తప్పు చెక్కారు. విని చెక్కుంటారు, సరిగ్గా వినలేదు" అని తీర్పు చెప్పి, లంచ్ టైమైందని వాచీ చూపించాడు. మనలాగే ఉంటే మనది. తేడాగా ఉంటే వాళ్ళ తప్పు. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

సూర్యోదయం సంగతి ఎత్తను. నాలుగింటికి లేపి తీసుకెళ్ళారు, కోనేరు ముందు తలలూ ఫోన్లూ తప్ప ఏమీ కనబడలేదు, ఆపైన మబ్బు.

అమ్మ సంగతి మాత్రం రాయాలి. పడమటి గోపురంలోంచి వెళ్తుంటే ఒక పక్క ఎనిమిది చేతుల విష్ణువు నిలబడి ఉంటాడు. చాలా ఎత్తు విగ్రహం. అక్కడివాళ్ళు ఆయన్ని తా రీచ్ అంటారు. కాషాయం, పసుపు బట్టలు చుట్టారు. ముందు ఇసక పోసిన గిన్నెలో అగరొత్తులు, పళ్ళు, తామరమొగ్గలు. అందరూ ఫోటో తీసుకుని లోపలికి పోతున్నారు, అమ్మ ఆగిపోయింది. చెప్పులు విప్పేసింది. నేను కంగారుపడి, "అమ్మా, ఇక్కడ అర్చనలూ అవీ ఉండవు" అన్నాను. వినిపించుకుంటేనా! చాప మీద ఒక ఖ్మేర్ ముసలమ్మ కూర్చుని తామరమొగ్గ రేకులు ఒక్కొక్కటే లోపలికి మడుస్తోంది. అమ్మ వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడింది. ఆవిడ ఒక మొగ్గ అమ్మ చేతికిచ్చింది. అమ్మ మడిస్తే రేకు చిరిగింది. ఆవిడ నాలుక చప్పరించి ఇంకోటి ఇచ్చింది, ఈసారి వేలు పట్టుకుని చూపించింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. అమ్మ తెలుగులోనే, "మా వైపు కలువలు, తామరలు ఇలా మడవమండీ, అలాగే పెట్టేస్తాం" అని వివరంగా చెబుతోంది, ఆవిడ తల ఊపుతోంది! తర్వాత అగరొత్తులు వెలిగించి, అమ్మ మా గోత్రం, నా పేరు, మావారి పేరు, చిన్నాడి పేరు, ఆఖరికి బావగారి పేరు కూడా చెప్పుకుంది. మధ్యలో ఆగి నావైపు తిరిగి, "చిన్నాడి నక్షత్రం అనురాధేనా?" అని అడిగింది. వెనకాల చైనా వాళ్ళ గుంపు ఆగి చూస్తోంది. అప్పుడు నాకు సిగ్గేసిందో ఏడుపొచ్చిందో చెప్పలేను.

పెద్దాయన బయటే నిలబడ్డాడు. దణ్ణం కూడా పెట్టలేదు. "పూజారి లేడు, మంత్రం లేదు, బౌద్ధం కలిపేశారు. అది పూజ కిందికి రాదమ్మా" అన్నాడు అమ్మతో. మరి పొద్దుటినుంచి మనదే మనదే అన్నది దేన్ని?

ఇంతవరకూ రాసి కాఫీ పెట్టుకొచ్చాను. చదువుకుంటే, అమ్మ కూడా 'మన' అనే అందని గుర్తొచ్చింది. "మన స్వామికి పట్టుపంచె కడితే ఎంత బాగుండును" అంది అక్కడే. దానికి నాకు కోపం రాలేదే! అమ్మ కాబట్టా? కావచ్చు. అలాగని సెక్రటరీ అంకుల్‌ని ఆ పెద్దాయనతో కట్టెయ్యడం కూడా న్యాయం కాదేమో. మార్గళి నెలంతా తెల్లారకముందే తిరుప్పావై పాడుతూ గుడికి వెళ్ళే మనిషి. తా రీచ్ ముందు నిలబెడితే చెప్పులు విప్పేవారే. ఇందాక తొమ్మిదింటికి బెల్లు కొట్టి ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి వెళ్ళారు. కరందై రాగి రేకుల గురించి, అంటే చోళుల కాలం నాటి రాగి శాసనం. రాజేంద్ర చోళుడికి కాంభోజ రాజు, అంటే కంబోడియా రాజు, స్నేహం కోరి రథం పంపాడని అందులో ఉంది. అది నిజమే. కాకపోతే అది 11వ శతాబ్దం మొదట్లో మాట. అంగ్‌కోర్ వాట్‌కి దాదాపు వందేళ్ళ ముందు. రథం పంపినవాడు గుడి కట్టడానికి మేస్త్రీలని కూడా పంపమని అడిగాడని అంకుల్ కలిపేసుకున్నారు. అయినా ఈ వయసులో నా కోసం జిరాక్స్ తీయించి తెచ్చారు చూడండి, అక్కడ కాస్త మెత్తబడ్డాను.

ఇంకోటి. ఈ తీరం నుంచి ఏమీ వెళ్ళలేదని నేనూ అనలేను. అంగ్‌కోర్ పక్కనున్న సియెమ్ రీప్ ఊరి బజార్లో అమ్మ షాపుల బోర్డులు చదవబోయేది. "ఇదిగో తలకట్టు, ఇదిగో కింద వత్తు, మన అక్షరాల్లాగే ఉన్నాయి, చదవడానికి మాత్రం రావడం లేదేమిటే" అని. నవ్వాను గానీ, ఖ్మేర్ లిపి పుట్టింది పల్లవ లిపి నుంచే. అక్షరం నెత్తిన చిన్న మెలిక ఉంటుంది, రెండో హల్లు కింద వేలాడుతుంది, అచ్చం మన వత్తే. ఖ్మేర్ భాషలో తేదీతో దొరికిన అన్నిటికన్నా పాత శాసనం 611 నాటిది. అంటే కంచిలో పల్లవులున్న కాలమే. ఇది చూపిస్తే సభలో అందరికీ నచ్చుతుంది, అబద్ధం కూడా కాదు. బావగారు మాత్రం ఫ్యామిలీ గ్రూపులో "పల్లవులూ కాదు చోళులూ కాదు, మన అమరావతి శిల్పులే" అని పెట్టి మూడు జెండాలు అతికించారు. ఆయనకి జవాబివ్వను. ఇస్తే అక్కకి ఫోన్ చేస్తారు.

మనవాళ్ళు నిజంగా చేసిన పని ఒకటుంది, దాని గురించి ఏ కాగితం మీదా వెయ్యరు. 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖవాళ్ళు అంగ్‌కోర్ వాట్‌లో మరమ్మతులు చేశారు. అప్పుడు అక్కడ ఇంకా యుద్ధం, మందుపాతరలు. చాలా దేశాలు దూరంగా ఉన్న రోజులు. రాళ్ళు రసాయనాలతో కడిగారని తర్వాత బోలెడు తిట్లు కూడా తిన్నారు. అయినా వెళ్ళారు కదా. అక్కడే ఉన్న తా ప్రోమ్ అనే ఇంకో గుడిలో చెట్ల వేళ్ళ మధ్య ఇప్పటికీ మనవాళ్ళ పని కనిపిస్తుంది. అక్కడ నాకు గర్వంగా అనిపించింది, ఒప్పుకుంటాను. ఆదివారం దీన్ని మొదటి ఫోటోగా పెట్టెయ్యనా? అంకుల్‌కి మన అనుకోవడానికి ఒకటి దొరుకుతుంది, నాకు సూర్యవర్మ పేరు చెప్పే వీలు దొరుకుతుంది. ఊహూఁ, ఇదీ సర్దుబాటే. కాగితం మార్చమని పొద్దున్నే అడగడమే మంచిది. 'ఖ్మేర్ రాజులు కట్టిన విష్ణు ఆలయం', అంతే. మారిస్తే వస్తాను, లేకపోతే చిన్నాడికి జ్వరం.

పడుకునేముందు అమ్మకి ఫోన్ చేశాను, తనకి ఎలాగూ నిద్ర పట్టదు కదా. సంగతంతా చెప్పి, "నువ్వేమంటావ్, ఆ గుడి ఎవరిదనాలి?" అని అడిగాను. అమ్మ అసలు ఆ ప్రశ్న విన్నట్టే లేదు. "ఒక్కరోజు టికెట్ 37 డాలర్లు, మూడు రోజులది 62, వారానిది 72 అని అక్కడ బోర్డు మీద రాసుంది. మీ ఆయన మూడు రోజులది తీసుకున్నాడు. పది డాలర్లకి చూసుకున్నాడే మనిషి! భీష్ముడు అంపశయ్య మీద పడుకున్న గోడ ఇంకోసారి చూద్దునా లేదా? ఈసారి టికెట్ నేను తీస్తాను, అతన్ని జోక్యం చేసుకోవద్దని చెప్పు" అంది. చెప్పాలి, పొద్దున్న మావారి మూడ్ చూసి.